ఆదా ఖాతా

కృష్ణా జిల్లాలో పాత మంచానికి గండాలు మూడు. ఒకటి భోగి. రెండోది, మైకు పెట్టుకుని సందులన్నీ తిరిగే పాత సామాన్ల ఆటో. మూడోది, హైదరాబాదు నుంచి పండక్కి వచ్చే కొడుకు. మొదటి రెండు గండాలూ ఎలాగోలా గట్టెక్కవచ్చు. మూడోవాడు మాత్రం చెప్పులు విప్పుతూనే ఇల్లంతా కలయజూసి, "ఈ చెత్తంతా ఎందుకమ్మా, తీసి పారెయ్యి. కొత్తది ఆర్డర్ పెడతా" అంటాడు. వాడు కొనేది నెలవారీ వాయిదాల మీద. వాయిదాలు తీరేలోగా మంచం తీరిపోతుంది.

నా పొదుపు గురించి మా బంధువుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. మావారిది ఒకటి, మిగతా అందరిదీ ఒకటి. రెండూ నాకు అనుకూలంగా లేవు. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు కూడికలు, తీసివేతలు, చక్రవడ్డీ అన్నీ వచ్చు. ఇల్లాలి లెక్క మాత్రం రాదు. ఇల్లాలి లెక్కలో ఖర్చు కాని ప్రతి రూపాయీ ఆదాయమే. షోరూములో నలభై వేల మంచం చూసి, చెయ్యి వేసి నొక్కి, బాగుందని మెచ్చుకుని, కొనకుండా బయటికొచ్చామా, ఆ పూటకి నలభై వేలు మిగిలాయి. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఓ సాయంత్రం తీరిగ్గా తిరిగితే లక్ష దాకా మిగల్చగల సత్తా నాకుంది. ఆషాఢం డిస్కౌంట్ల రోజుల్లో మాత్రం ఆదా కాస్త తగ్గుతుంది. ధరలే తగ్గిపోతే మనం మాత్రం ఏం చేస్తాం!

ఇలా ఎన్నో ఏళ్ళుగా సాగుతున్న నా సంపాదనలో అతి పెద్ద పద్దు మా అత్తయ్యగారి పందిరి మంచం.

మా వైపు ఊళ్ళలో భోగి సంగతి తెలిసిందే. పాతదేదైనా ఆ తెల్లవారుజామున మంటలో పడాలి. ముందు రాత్రి మగపిల్లలకు ఎవరి దొడ్లో కర్రనైనా ఎత్తుకుపోయే హక్కుంది. దాన్ని దొంగతనం అనరు, సంప్రదాయం అంటారు. అరుగు మీద కుర్చీ మరిచిపోయి పడుకున్నామంటే, తెల్లారుజామున దాని వేడికే మనం చలి కాచుకోవాలి. పైపెచ్చు "ఈ ఏడు మంట బాగా లేచిందిరా" అని మెచ్చుకోవాలి కూడా.

2024 సంక్రాంతి ముందు గుడివాడ దగ్గర మా అత్తవారి ఊరి నుంచి మరిది ఫోను చేశాడు. "వదినా, గొడ్ల చావిట్లో అమ్మ పందిరి మంచం ఉంది చూడండి, కాళ్ళు ఊగిపోతున్నాయి. కుర్రాళ్ళు భోగికి అడుగుతున్నారు. ఇచ్చెయ్యమంటారా?"

నా గుండె ఝల్లుమంది. అది అత్తయ్యగారు కాపురానికి వచ్చినప్పుడు సారెగా తెచ్చుకున్న టేకు మంచం. దాని మీద మూడు తరాల మనుషులు పడుకున్నారు. ఆ తర్వాత వరిగడ్డి పడుకుంది. "దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అని చెప్పి, పండగ ముందే వెళ్ళి, ట్రాలీ ఆటో మాట్లాడి పటమటలో మా ఫ్లాటుకు తెచ్చేశాను. కిరాయి విని మావారు, "ఆ డబ్బుకి కొత్త మంచానికి రెండు కాళ్ళు వస్తాయోయ్" అన్నారు.

"మిగతా రెండు కాళ్ళూ ఎవరిస్తారండీ?" అన్నాను.

కిరాయి ఆదా లెక్కలో రాయలేదు. పండక్కి ఎలాగూ ఆ ఊరు వెళ్ళేదే కాబట్టి అది పండగ ఖర్చు.

మా జిల్లాలో పాత మంచం ఏ ఇంట్లో ఉన్నా అది రంగూన్ టేకే. అత్తయ్యగారూ అదే అంటారు. "మా నాన్న రంగూన్ నుంచి ఓడ మీద తెప్పించిన కర్ర. బందరులో దించి పడవ మీద కాలవెంబడి తెచ్చారు." ఆ రోజుల్లో కాలవల్లో పడవలు తిరిగిన మాట నిజమే. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలవలు పొలాలకు నీళ్ళతో పాటు ఊళ్ళకు సరుకులూ మోశాయి. అవతలి గట్టున కొమ్మమూరు కాలవ, దాన్ని అందుకుని బకింగ్‌హాం కాలవ, ఆ దారినే మద్రాసు దాకా పడవలు పోయేవి. తుమ్మ, వేప, తాడి తప్ప పెద్దగా కర్ర దొరకని డెల్టాకు టేకన్నది ఎక్కణ్ణించో రావలసిందే. కాబట్టి అత్తయ్యగారి మాట అబద్ధమని నేననను. కాకపోతే, రంగూన్ టేకని మా జిల్లాలో చెప్పుకునే మంచాలన్నీ నిజంగా అక్కణ్ణించే వచ్చి ఉంటే బర్మాలో ఇవాళ చెట్టన్నది ఉండకూడదు.

మంచం ఇంటికైతే వచ్చింది గానీ, దాని అసలు రంగేమిటో ఎవరికీ తెలీదు. పైన చాక్లెట్ రంగు ఎనామిల్. గాజు పెంకు తీసుకుని ఓ మూల గీకాను. దాని కింద నీలం. నీలం కింద ఆకుపచ్చ. ఇంకా గీకితే మళ్ళీ నీలం, ఇది కాస్త ముదురుది. అప్పుడు బయటపడింది అసలు కథ. అత్తయ్యగారి హయాంలో ఇంటికి సున్నాలు కొట్టించినప్పుడల్లా కిటికీలకు వెయ్యగా మిగిలిన రంగును మంచానికి వేయించేవారట. డబ్బాలో ఎండబెడితే పాపం కదా! ముదురు నీలం పెద్ద ఆడపడుచు పెళ్ళి నాటిది. ఆకుపచ్చ మావారికి ఉద్యోగం వచ్చినప్పటిది. లేత నీలం మరిది పెళ్ళిది. చాక్లెట్‌ది ఎప్పటిదో ఆవిడకే గుర్తులేదు గానీ, "ఆ రంగు డబ్బా ధర మాత్రం తక్కువేనమ్మాయ్" అన్నారు.

నేను గీకుతుంటే ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేవారు.

"డబ్బు దండగ కాకూడదని నేను వేయించిన రంగును నువ్వు డబ్బు పోసి గీకిస్తున్నావా అమ్మాయ్?"

"గీకించడం లేదు అత్తయ్యగారూ, నేనే గీకుతున్నాను. పైసా ఖర్చు లేదు."

"మరి ఆ చేతులకు రాసుకునే ఆయింట్‌మెంటు ఊరికే ఇస్తున్నాడా కొట్టువాడు?"

ఆయింట్‌మెంటు ఆదా లెక్కలోకి రాదు. అది ఆరోగ్యం పద్దు.

రెండు తరాల పొదుపు ఒక్క మంచం దగ్గర ఎదురుపడితే ఇలాగే ఉంటుంది. ఆవిడ వేసి మిగిల్చారు, నేను తీసి మిగిలిస్తున్నాను. అయితే ఆవిడ పక్షాన ఒక మాట చెప్పాలి. ఆ నాలుగు పూతల రంగే గొడ్ల చావిట్లో చెమ్మ తగలకుండా కర్రను కాచింది. ఎనామిలంతా ఊడాక కింద టేకు చెక్కు చెదరకుండా ఉంది.

పాత రంగులు గీకేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందటి డబ్బాల్లో ఎంత కలిసిందో చెప్పేవాడు లేడు. అందుకని పొడిగా రుద్దకూడదు. తడిపి గీకాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి, రాలిన పొట్టు తడిగుడ్డతో ఎత్తి మూటగట్టాలి. చంటిపిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. కరోనా రోజుల్లో కొన్న ఎన్95 మాస్కులు సీలు విప్పనివి ఒక పెట్టెడు దాచి ఉంచాను. అవి ఇప్పుడు పనికొచ్చాయి. "మహమ్మారిని కూడా ఆదాలో వేశావన్నమాట!" అన్నారు మావారు. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

రంగు వదిలాక గరుకు కాగితం పని. వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళి నంబర్లు చెప్పి అడగాలి. 80తో మొదలుపెట్టి 120, 220, చివరికి 320. నంబరు పెరిగేకొద్దీ నునుపు. చెక్కలో గీతలు ఎటు పోతే అటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే పడిన గీరలు పాలిష్ పెట్టాక మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నున్నగా అయ్యేకొద్దీ టేకు పొట్టు ఘాటైన వాసన ఇల్లంతా కమ్ముకుంది. అత్తయ్యగారు కొంగుతో ముక్కు మూసుకున్నారు గానీ, లేచి లోపలికి మాత్రం వెళ్ళలేదు.

తర్వాత కాళ్ళ సంగతి చూడటానికి వడ్రంగి ఆచారిగారిని పిలిపించాం. ఆయన మంచం చుట్టూ తిరిగి, చతికిలబడి, బెజ్జాల దగ్గర వేలితో తడిమి నవ్వారు. "అమ్మగారూ, దీనికి ఒక్క మేకు లేదు. అంతా బెజ్జంలో దింపి బిగించిందే. ఇదిగో, ఇటు చూడండి" అన్నారు. కాలు పైభాగాన, రంగు కింద ఇన్నాళ్ళూ దాక్కుని, ఉలితో కొట్టిన చిన్న గంట్లు కనిపించాయి. ఒక కాలికి ఒక గంటు, ఇంకోదానికి రెండు, అలా నాలుగు దాకా. పట్టెల మీద కూడా అవే గంట్లు. ఏ కాలు ఏ మూలకో తెలియడానికి మంచం చేసినాయన పెట్టుకున్న గుర్తులవి. ఎప్పుడో ఇల్లు మారినప్పుడు మంచం విప్పి మళ్ళీ బిగించినవాళ్ళు మూడు గంట్ల కాలు తెచ్చి రెండు గంట్ల మూలన పెట్టారు. ఊపు అక్కడిది. అత్తయ్యగారు ఇన్నేళ్ళుగా ఆ ఊపును కీర్తిశేషులు మామయ్యగారి గురక ఖాతాలో వేశారు. ఆ రోజు ఆవిడ దేవుడి గదిలో ఆయన ఫొటో ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డారు.

ఆచారిగారు కాళ్ళు మార్చి బిగించి, బీటల్లోకి రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడుస్తానన్నారు. ఫెవికాల్ మార్కెట్లోకి వచ్చింది 1959లో. అంతకు ముందు మనవాళ్ళు బీటలు పూడ్చుకోలేదా? మనకు పక్కనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మల కళాకారులు తెల్లపొణికి కర్ర ముక్కల్ని అతకడానికి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు వాడతారు. నా వంటింట్లో చింతపండు పిక్కలు తీసినప్పుడల్లా గింజలు ఒక డబ్బాలో వేసి ఉంచుతాను, ఎందుకని ఎవరూ అడక్కూడదు. వాటిని వేయించి, నానబెట్టి, పైపొట్టు తీసి, పొడి కొట్టి, ఉడికించి మక్కు చేశాను. చీమలు బారులు తీరి వచ్చి పరీక్షించి వెళ్ళాయి గానీ, మక్కు మాత్రం ఊడలేదు. మిక్సీ జారు పగిలింది. అది వంటింటి పద్దు.

ఇక పాలిష్. పటమట పక్కనే ఆటోనగర్. లారీలు విప్పడం, కట్టడం, రంగులు కొట్టడం అక్కడ పుట్టుకతో వచ్చే విద్యలు. మావారి దగ్గర చదువుకున్న కుర్రాడొకడు లారీ బాడీలకు రంగులు వేస్తాడు. గురుదక్షిణ కింద తక్కువలో చేస్తానని వచ్చి, మంచాన్ని ఎగాదిగా చూశాడు.

"పాలిష్ ఎందుకండి మేడంగారూ? మెరిసే ఎరుపు కొట్టేద్దాం. తల వైపు రెండు నెమళ్ళు, మధ్యలో తామరపువ్వు. కాళ్ళ వైపు 'మళ్ళీ కలుద్దాం' అని రాస్తాను."

"దానితో పాటు 'తగినంత దూరం పాటించండి' అని కూడా రాయరా. మీ మేడంగారి దగ్గరికెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు మావారు.

కుర్రాణ్ణి కాఫీ ఇచ్చి పంపించేశాను. చివరికి ఆచారిగారే చేత్తో స్పిరిట్ పాలిష్ పెడతానన్నారు. లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూదిని పాత నూలుగుడ్డలో చుట్టి, పలచగా పూత మీద పూత వేసే పాతకాలపు పని అది. అయితే అప్పటికే శ్రావణం. ముందు ఒక చెక్కముక్క మీద వేసి చూపించారు. ఆరేసరికి పైన పాలు ఒలికినట్టు తెల్లబడింది. "గాల్లో చెమ్మ ఎక్కువుంటే ఇంతేనమ్మగారూ. స్పిరిట్ ఆరేలోపే పూత చెమ్మ పట్టేస్తుంది. వానలు వెనకపట్టాక, కార్తీకంలో పెడతాను" అని చెప్పి వెళ్ళిపోయారు.

అలా ఆగిన రోజుల్లోనే, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు వాగు బెజవాడ మీద పడింది. గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోటెత్తింది. ఆ రోజుల గురించి నవ్వుతూ చెప్పడానికేమీ లేదు. సింగ్‌నగర్‌లో కింది వాటాలో ఉండే మా చిన్నాడపడుచు కుటుంబం పైవాటా వాళ్ళింట్లో తలదాచుకుంది. నీళ్ళు దిగాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి. మేం వెళ్ళేసరికి వీధికి రెండు వైపులా పరుపులు, ఫ్రిజ్జులు, సోఫాలు గుట్టలు పడి ఉన్నాయి.

ఏ చెక్క బండారమేమిటో అక్కడ తెలిసింది. వాళ్ళింట్లో పార్టికల్ బోర్డు బీరువా ఉబ్బిపోయి, తలుపు పట్టుకుంటే చేతికొచ్చింది. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే బోర్డు అది. ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బిందంటే ఎండబెట్టినా వెనక్కి రాదు. మామూలు ప్లైవుడ్డు పొరలు పొరలుగా విడిపోయింది. ఆచారిగారు ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది. ప్లైవుడ్డు కొనేటప్పుడు దాని మీద ముద్ర చూడాలి. ఐఎస్ 303 అంటే ఇంట్లో మామూలు వాడకానికి, 710 అంటే నీళ్ళలో నానినా తట్టుకునే రకం. మనం మాత్రం ముద్ర వదిలేసి పైన అతికించిన సన్‌మైకా పువ్వులు చూసి కొంటాం.

ఆ గది మధ్యలో, నిలువెల్లా బురదతో, పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చిన టేకు మంచం నిలబడి ఉంది. "చూశావా వదినా, కొన్నవన్నీ పోయాయి. చోటు చాలక ఎవరికైనా ఇచ్చేద్దామని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న మంచం మిగిలింది. పోయిన బీరువాకి ఇంకా వాయిదాలు కట్టాలి" అంటూ మా ఆడపడుచు నవ్వబోయి ఏడ్చేసింది. కింది వాటాల వాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన పాతిక వేలు పరుపులకు, పొయ్యికి, పిల్లల పుస్తకాలకు ఏపాటి వచ్చాయో గానీ, మంచం కోసం మాత్రం అందులోంచి రూపాయి తియ్యక్కర్లేకపోయింది.

ఆచారిగారు ఫోనులోనే వైద్యం చెప్పారు. మంచినీళ్ళతో బురద కడగాలి. పొరపాటున కూడా ఎండలో పెట్టకూడదు, పైన ఆరి లోపల తడి ఉండిపోతే కర్ర నెర్రెలిస్తుంది. నీడపట్టున, గాలాడేచోట, కింద ఇటుకలు పెట్టి వారాల తరబడి వదిలెయ్యాలి. లోపలి దాకా ఆరకుండా పాలిష్ జోలికి పోకూడదు. ఆ మంచం కూడా మా బాల్కనీలోకి వచ్చింది. కార్తీకంలో రెండు మంచాలకూ ఒకేసారి పాలిష్ పడింది. ఒక మంచానికి కలిపిన లక్క కొంచెం మిగలడంతో రెండోదానికి ఇంకో పూత కలిసొచ్చింది. ఆ మాట విని అత్తయ్యగారు మొదటిసారిగా నన్ను చూసి తృప్తిగా తలాడించారు.

పందిరి మంచం ఇప్పుడు ముందుగదిలో ఉంది. పడకగదిలో పందిరి ఫ్యాను రెక్కలకు తగులుతుంది. ముందుగదిలో ఫ్యాను రాడ్డు పొట్టిది వేయించాం (అది కరెంటు పద్దు). దోమతెర కట్టుకోవడానికి నాలుగు కోళ్ళూ సిద్ధంగా ఉన్నాయి, బెజవాడలో దోమలూ సిద్ధంగానే ఉన్నాయి. కాకపోతే దాని మీద ఇంకా ఎవరూ పడుకోలేదు. లక్క పూత మీద వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి చక్రం పడుతుంది. తడి తువ్వాలు వేస్తే మచ్చ కడుతుంది. అందుకని వచ్చిన చుట్టాలు దూరం నుంచి చూసి, మెచ్చుకుని, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వెళ్తున్నారు.

ఈ సంక్రాంతి సెలవుల్లో మావారు లెక్కల పుస్తకం, ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నారు.

"ఇలాంటి మంచం కొత్తది ఎంతోయ్?"

"నలభై వేలు. షోరూములో నేనే అడిగాను."

"మనకెంతయింది?"

"ఆరు వేలు. ఆచారిగారి కూలీ, గరుకు కాగితాలు, లక్క, స్పిరిట్."

"ట్రాలీ కిరాయి, మిక్సీ జారు, ఆయింట్‌మెంటు, ఫ్యాను రాడ్డు?"

"వాటి పద్దులు వేరండీ. ఒక లెక్కలోది ఇంకో లెక్కలో కలిపితే పరీక్షలో మీరే సున్నా వేసేవారు కదా!"

ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. "సరే, ముప్పై నాలుగు వేలు ఆదా అనుకుందాం. ఆ డబ్బేదీ? బ్యాంకులో లేదు, బీరువాలో లేదు, పోపుల డబ్బాలో కూడా చూశాను."

"ఆదా అయిన డబ్బు కనిపించకూడదండీ. కనిపిస్తే ఖర్చయిపోతుంది."

లోపలి గదిలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "బాగా చెప్పావమ్మాయ్. మీ నాన్నకి నేను ఆఖరిదాకా కనబడనివ్వలేదురా."

మావారు పెన్ను కింద పెట్టారు. "ఏది కనబడనివ్వలేదమ్మా?"

"ఇంకేది? ఆదా."

"ఎక్కడ పెట్టావు?"

"పారెయ్యని వాటిల్లో పెట్టాను. ఎవరు చూస్తారు?" అని ఆవిడ అటు తిరిగి పడుకున్నారు.

మావారు చాలాసేపు పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం అయ్యేసరికి తమ్ముడికి ఫోను కలిపి, చావిట్లో మిగిలిన భోషాణం, విరిగిన పడక కుర్చీ, ఉయ్యాల బల్ల, తలుపు లేని గూటి బీరువా ఒక్కటి కూడా పోకుండా పంపమన్నారు. పాతవి పారేసుకునేవాళ్ళకు బుద్ధి లేదని కూడా అన్నారు. ట్రాలీ ఆటో ఆయనే మాట్లాడుకున్నారు. కిరాయి ఏ పద్దులో రాయాలని నన్ను అడగలేదు.